రెండు జెండాల బావలు

కొత్తజీడిపాలెం, పూండి దగ్గర
16 ఆగస్టు 2023

బర్మా బావ దాలయ్యకి,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదట రాయాలట. రాశాను. కానీ బాగా లేం. ఆ సంగతి కింద రాస్తాను. ముందు పండగ సంగతి.

నిన్న మా బడిలో జెండా ఎగిరింది. ముడి నేనే వేశాను. నలభై ఏళ్ళుగా ఈ ఊరి జెండా ముడి నాదే. మడతలో బంతిపూల రేకులు పెట్టి, తాడు చుట్టి, చివర జారుముడి వేస్తాను. సర్పంచ్ ఒక్క లాగు లాగితే విడిపోవాలి, పూలు నెత్తిన పడాలి. పక్క ఊళ్ళో నిన్న ముడి బిగుసుకుపోయిందట. వచ్చిన పెద్దమనిషి తాడు పట్టుకుని కల్లుగీత నేర్చుకునేవాడిలా వేలాడాడట. నా ముడి ఎన్నడూ అలా కాలేదు. నా చదువు ఐదో తరగతే. అయినా ఈ ఊళ్ళో ఎవడి ముందూ తల వంచలేదు.

ఇక నీ పోయిన ఉత్తరం. మీ దేశానికి స్వాతంత్య్రం జనవరి నాలుగున, తెల్లవారుజామున నాలుగు గంటల ఇరవై నిమిషాలకి వచ్చిందా? జ్యోతిష్కులు ముహూర్తం పెట్టారా? ఇంగ్లీషువాడు పోవడానికి కూడా ముహూర్తమా? నమ్మలేక మనవరాలు భార్గవిని అడిగాను. అది పలాసలో డిగ్రీ చదువుతోంది. ఫోనులో చూసి “నిజమే తాతా” అంది. నాలుగూ ఇరవై! మా దగ్గర ఫోర్ ట్వంటీ అంటే మోసగాడు. పోలీసులు పెట్టే కేసు నంబరు అది. ఏరి కోరి ఆ టైమే దొరికిందా మీకు? టీకొట్టు దగ్గర చెబితే మా ఊరి కుర్రాడు చిరంజీవికి టీ ముక్కులోంచి వచ్చింది.

ఇప్పుడు కింది సంగతి. మీ చెల్లెలికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఏ ఇంటికెళ్ళినా ఉన్న జబ్బే. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నాను. నీకు రాయొద్దంది. నేను రాస్తున్నాను. మొన్న ఆస్పత్రి మంచం మీద పడుకుని ఏమందో విను.

“నాన్నకి రైసుమిల్లులో కాలిరిగిపోనాది. అన్నని తోడుంచీసి అమ్మ నన్నొక్కర్తినీ తనతోటి ఓడెక్కించీసింది. తరవాతోడకి ఆలొస్తారంది. తొమ్మిదేళ్ళ గుంటని, సెయ్యూపినాను. ఆడు మరల ఊపినాడో నేదో, జనంలో అగుపడనేదు. ఓపాలి ఆడిని సూసీసి పోతాను.”

ఆ తరవాతి ఓడ రాలేదని నీకూ నాకూ తెలుసు. మీ చెల్లెలు బర్మా వదిలి యాభై ఎనిమిదేళ్ళయింది. నువ్వూ నేనూ ముఖాలు చూసుకోని బావలం. పోయినేడు భార్గవి ఫోను కలిపితే నీ ముఖం ఒక్కసారి కనబడి, కదలకుండా ఆగిపోయింది. ఆ ఆగిపోయిన ముఖాన్నే మీ చెల్లెలు పది నిమిషాలు చూస్తూ కూర్చుంది.

కాబట్టి సాకులొద్దు. పెట్టె సర్దుకుని రా. జనవరి ఇరవై ఆరుకి రా. చెల్లెల్ని చూడు, మా జెండా చూడు, ఏ దేశం పండగ గొప్పదో ఒప్పుకుని వెళ్ళు.

నీ బావ
కూర్మనాథం


మౌల్మేన్, బర్మా
2 అక్టోబరు 2023

ముడుల బావ కూర్మనాథానికి,

నీ ఉత్తరం నలభై ఒక్క రోజులు ప్రయాణం చేసి చేరింది. ఈ రోజు మీకు గాంధీగారి సెలవు కదా. ఆగస్టులో ఒకటి, జనవరిలో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఒక్క పండగతో దేశం మీదే అని మీకు నమ్మకం కుదరలేదా? మాకు జనవరి నాలుగు ఒక్కటి చాలు. ఇంకా కొన్ని ఉన్నాయనుకో. నీకు చెప్పను.

ముహూర్తం చూసి నవ్వావు. మీరు అర్ధరాత్రి తీసుకున్నారు. అర్ధరాత్రి ఎవరైనా మంచి పని చేస్తారా బావా? మేం కోడి కూసే వేళకి, తలస్నానం చేసి తీసుకున్నాం. ఆవుని కొన్నా నువ్వు పంచాంగం చూస్తావు. దేశానికి చూడవా? మా పండగ రోజు మైదానంలో కవాతు జరుగుతుంది. పడవ పందేలు, నూనె రాసిన వెదురు గెడ ఎక్కే పోటీ. మీ బడిలో పంచే బూందీ పొట్లం దేనికి సరిపోతుంది?

చెల్లెలు వరహాలు సంగతి చదివి నాలుగు రోజులు కలం పట్టలేదు. దానికి చెప్పు, నేను చెయ్యి ఊపాను. రెండు చేతులూ ఊపాను. కనబడాలని మూటల గుట్ట ఎక్కి మరీ ఊపాను. కూలీ ఒకడు చెవి పట్టి దింపాడు. ఓడ ఎక్కేటప్పుడు దాని గౌను జేబులో నా ఆకుపచ్చ గోళీ ఒకటి ఉండిపోయింది. ఉందేమో అడుగు.

రావడం ఇప్పుడు కుదరదు. జనవరిలో మా పండగ వదిలి మీ పండగకి వస్తే ఊరంతా నవ్వదా? మీ జెండాకి మంచి ముహూర్తం పెట్టించు, అప్పుడు చూద్దాం.

నీ బావ
దాలయ్య


కొత్తజీడిపాలెం
20 నవంబరు 2023

దాలయ్యకి,

నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. మూటల గుట్ట దగ్గర మీ చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. గోళీ ఉంది. వక్కల డబ్బాలో ఉంది. ఇన్నేళ్ళూ అది ఎవరిదో నాకు తెలీదు. పారేయబోతే రెండుసార్లు నా మీద పడి అరిచింది.

తరవాత చివరి నాలుగు మాటలూ చదివాను. జనవరిలో పండగట. ముహూర్తం పెట్టించాలట.

“అన్న ఏలాకోలానికి రాసుంటాడులే” అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నీకు సిగ్గనేది ఉందా? నేను ఏలాకోలానికి రాయలేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, “తాతగారూ, ఎవరినైనా చూడాలంటే ఈ ఏడాదిలోనే చూపించండి” అన్నాడు. సర్పంచ్ శ్యాంసుందర్‌కి నీ సంగతి చెప్పాను. “జనవరి ఇరవై ఆరుకి నీ బావకి స్టేజీ మీద కుర్చీ ఏయిస్తాను తాతా” అన్నాడు. ఊరంతా బర్మా బావ వస్తాడని చూస్తోంది. నువ్వేమో గెడ ఎక్కే పోటీ చూడాలంటున్నావు.

తోడబుట్టినదాని కంటే ఆ జెండా ఎక్కువైందా? ఏం పెట్టింది నీకు ఆ దేశం? ఒక్క మాటకి జవాబు రాయి. వస్తావా, రావా? రాని పక్షంలో మళ్ళీ ఉత్తరం రాయకు. వచ్చినా చింపేస్తాను. చెప్పింది చేసేవాడినని నీకు తెలుసు.

కూర్మనాథం


మౌల్మేన్
4 జనవరి 2024

బావా,

చింపే ముందు ఒక్కసారి చదువు. గయ యాత్రకి వెళ్ళే వాళ్ళ చేతికి ఇస్తున్నాను. కలకత్తాలో పోస్టు చేస్తారు, తొందరగా అందుతుంది.

ఈ రోజు మా పండగ. మా అని రాయడం అలవాటైపోయింది.

మైదానంలోకి వెళ్ళేవాళ్ళ కార్డు చూస్తారు. పౌరులది గులాబీ రంగు కార్డు. నాది చిన్న పుస్తకం. అట్ట మీద విదేశీయుడు అని ఉంటుంది. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే, మిల్లు వెనక రేకుల షెడ్డులో. కొత్త చట్టం వచ్చినప్పుడు తాతల నాటి కాగితాలు అడిగారు. మిల్లు కూలీకి ఏం కాగితాలుంటాయి? అప్పటి నుంచీ ఏటేటా వెళ్ళి ఆ పుస్తకంలో ముద్ర వేయించుకుంటాను. పక్క ఊరికి వెళ్ళాలన్నా అడిగి వెళ్ళాలి. పాస్‌పోర్టు మాట ఎత్తితే నవ్వుతారు.

నీకు రాసిన కవాతులన్నీ మైదానం బయట టీకొట్టు బల్ల మీద నిలబడి చూసినవే. పడవ పందెం వంతెన మీది నుంచి. నువ్వు మీ ఆగస్టు పదిహేను గురించి అంత గొప్పగా రాస్తుంటే, నాకు ఏ పండగా లేదని రాయలేకపోయాను. మొదటిసారి కోతలు కోశాను. నువ్వు ఎదురు కోశావు. సరదాగా అనిపించింది. ముప్పై ఏళ్ళు అలా గడిచిపోయింది.

రావాలని నాకు లేదనుకోకు. 2017లో రంగూన్ వెళ్ళి మీ ఎంబసీలో అడిగాను. మంచిగానే మాట్లాడారు. “మీ అమ్మగారి ఊరి మండలాఫీసు నుంచి ఆవిడ కొడుకు మీరేనని ఒక్క కాగితం వస్తే, ప్రయాణానికి కాగితాలు మేమిస్తాం” అన్నారు. వాళ్ళే రాశారు. ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. ఆవిడ కొడుకు దాలయ్య చనిపోయినట్టు రికార్డులో ఉందట! నేను అక్కడే నిలబడి ఉన్నాను బావా, చేతిలో టోపీ పట్టుకుని. ఆ ఆఫీసరు నన్ను చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. నాకు నవ్వొచ్చింది. మీ దేశంలో ఎవడో నిద్రమత్తు గుమాస్తా నన్ను చంపేశాడు! నీకు రాస్తే మీ దేశానికి పరువు తక్కువని నువ్వు చిన్నబుచ్చుకుంటావని రాయలేదు.

ఒక దేశంలో బయటివాణ్ణి, ఇంకో దేశంలో పోయినవాణ్ణి. ఇప్పుడు చెప్పు, ఏ పండగకి రమ్మంటావు?

వరహాలుకి ఇదంతా చదవకు. పనుల్లో ఉన్నానని చెప్పు.

దాలయ్య


కొత్తజీడిపాలెం
17 జనవరి 2024

బావా,

నీ ఉత్తరం అందింది. చింపలేదు.

అరుగు మీద చదవడం మొదలుపెట్టాను. గుమాస్తా మాట దగ్గర కాగితం మడిచేశాను. “ఏటైంది, అన్న ఏటి రాసినాడు” అని మీ చెల్లెలు లోపలి నుంచి అడిగింది. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. పనుల్లో ఉన్నాడట అన్నాను.

నీకు ఒకటి రాయాలి. మూడు కాగితాలు పాడు చేశాను. ఇప్పుడు చేతకావడం లేదు.

ఆ గుమాస్తా తప్పేం లేదు.

కూర్మనాథం


కొత్తజీడిపాలెం
27 జనవరి 2024

బావా,

నిన్ను చంపింది నేను.

1993లో మీ అమ్మ పోయింది. బర్మా నుంచి వచ్చినవాళ్ళకి సర్కారు ఇచ్చిన ఇంటి స్థలం, అరెకరం జీడితోటా ఆవిడ పేరున ఉన్నాయి. వరహాలమ్మ పేరుకి మార్చాలని ఆఫీసుకి వెళ్ళాను. పాత కాగితంలో మీ అమ్మ పేరు కింద నీ పేరు ఉంది. దాలయ్య, కుమారుడు, పదకొండేళ్ళు. నువ్వు వచ్చి సంతకం పెట్టాలన్నారు. మీ దేశంలో అప్పుడు గొడవలు. నాలుగేళ్ళుగా నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. “బతికుంటే రాయడేటి? సచ్చిపోనాడని రాసిచ్చీ, పనైపోద్ది” అన్నాడు నాతో వచ్చినవాడు. రాసిచ్చాను. ఇద్దరు సాక్షులు వేలిముద్రలేశారు. నేను సంతకం పెట్టాను. సంతకం పెట్టగలనని అప్పుడు నాకు మహా గర్వం.

ఆ ఏడాదే, ఆరు నెలలకి నీ ఉత్తరం వచ్చింది. మీ చెల్లెలు ఊరంతా తిరిగి చూపించింది. నేనూ సంతోషించాను. అబద్ధం కాదు. మర్నాడే వెళ్ళి కాగితం దిద్దించాల్సింది. వెళితే నలుగురిలో అబద్ధాలకోరునవుతాను. చెదలు తినేస్తాయిలే అనుకున్నాను. కొన్నేళ్ళకి నిజంగానే మరిచిపోయాను. మరిచిపోయే నిన్ను పెట్టె సర్దుకుని రమ్మని రాశాను. నీకు సిగ్గుందా అని రాశాను.

మీ నాలుగూ ఇరవైని చూసి నవ్వాను కదా. ఆ నంబరు వాడు ఈ ఇంట్లోనే ఉన్నాడు.

నిన్న జనవరి ఇరవై ఆరు. పొద్దున్న శ్యాంసుందర్ జెండా, తాడు, బంతిపూలు పట్టుకుని వచ్చాడు. నేను ముట్టుకోలేదు. “చిరంజీవి చేత కట్టించు” అన్నాను. “జొరమా తాతా?” అని నుదురు పట్టి చూశాడు. చిరంజీవి ముడి రెండు లాగులకి గాని విడలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

జెండా అయ్యాక గ్రామసభ. రోడ్డు, కుళాయి, పింఛన్లు అయ్యాయి. “ఇంకెవరైనా మాటాడతారా?” అన్నాడు శ్యాంసుందర్. లేచాను.

“నా బావ బతికున్నాడు. సచ్చిపోనాడని ముప్పై ఏళ్ళ కిందట సంతకం ఎట్టింది నానే” అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఏలాకోలమనుకున్నారు. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. శ్యాంసుందర్ నా చెవి దగ్గరకొచ్చాడు.

“తాతా, కూసో. ఇయన్నీ ఇక్కడెందుకు? కేసైపోద్ది. తరవాత సూసుకుందాం.”

“కేసైతే అవనీ. ముందు రాయించు” అన్నాను.

పంచాయతీ సెక్రటరీ ప్రియ అని చిన్నమ్మాయి. తీర్మానం రాసి ఎదురుగా పెట్టింది. నిన్ను చంపిన సంతకమే మళ్ళీ పెట్టాను.

మీ చెల్లెలు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఆమెకి ముందు చెప్పలేదు. ఊరికి చెప్పడం తేలికనిపించింది, ఆమెకి చెప్పడం కంటే. సభలో లేచి ఒక్కటే అడిగింది.

“అన్న ఉత్తరం ఆ యేడాదే వొచ్చినాది గదా? మరప్పుడెందుకు సెప్పనేదు?”

కర్ర పట్టుకుని ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ నాతో మాట్లాడలేదు. కంచం పెడుతుంది. అంతే.

తీర్మానం పట్టుకుని తహసీల్దారు దగ్గరకి వెళుతున్నాను. కాగితం వచ్చేదాకా ఆ మెట్ల మీద నుంచి లేవను. స్థలంలో, తోటలో సగం నీది. అది కూడా రాయించాను.

కూర్మనాథం


మౌల్మేన్
12 జూన్ 2024

కూర్మనాథం బావకి,

ఇక్కడ దారులు బాగా లేవు, పోస్టు ఆగి ఆగి వస్తోంది. నీ మూడు కవర్లూ ఒకే రోజు మా అబ్బాయి ప్రదీప్ తెచ్చాడు. సర్కారు కాగితం ఉన్న కవరు ముందు విప్పాను. దాలయ్య, జీవించి ఉన్నాడు అని చదివి, గట్టిగా నవ్వి, వీధిలో అందరికీ చూపించాను. తెలుగు రానివాళ్ళకి కూడా చూపించాను. తరవాత మిగతా రెండూ విప్పాను.

నాకు కోపం రాలేదని రాయను. ఉత్తరాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. ప్రదీప్ చేతిలోంచి లాక్కున్నాడు. రాసిచ్చిన రోజు సంగతి నాకు అర్థమైంది. ఆ నాలుగేళ్ళు మా ఇంట్లోనే మేం బతికున్నామో లేదో మాకు తెలీదు. తరవాతి ముప్పై ఏళ్ళు అర్థం కావడం లేదు. ఆ కాగితం దిద్ది ఉంటే నేను 2017లో వచ్చేవాణ్ణి. అప్పుడు వరహాలు తన కాళ్ళ మీద జీడితోటకి నడిచి వెళుతోందని నువ్వే రాశావు. నన్ను తోటంతా తిప్పేది. ఆ ఏడేళ్ళూ ఎవరు ఇస్తారు బావా?

పది రోజులు నీకు రాయకూడదనుకున్నాను. నువ్వు నేర్పిన విద్యే. కానీ నిన్ను తిట్టాలి. ఉత్తరంలో తిడితే సరిపోదు, నలభై రోజులకి చల్లారిపోతుంది. ఎదురుగా నిలబెట్టి తిట్టాలి. మీ చెల్లెలు కాదు, నా చెల్లెలు, అది వింటుండగా తిట్టాలి.

రంగూన్ వెళ్ళి వచ్చాను. ఎంబసీవాళ్ళు నీ కాగితం తీసుకున్నారు. ఒక్క ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఇచ్చారు. ఇక్కడివాళ్ళు వెళ్ళేటప్పుడు నా చిన్న పుస్తకం అప్పగించి వెళ్ళమన్నారు. మళ్ళీ రానిస్తారా అంటే, చెప్పలేం అన్నారు. ప్రదీప్ రాత్రంతా కూర్చుని, పొద్దున్న తనే పెట్టె సర్దాడు. “నేను చూసుకుంటాను నాన్నా. అత్త దగ్గరికి వెళ్ళు” అన్నాడు.

ఆగస్టు పదో తారీకున పూండిలో రైలు దిగుతాను. టీకొట్టు బల్ల మీద నిలబడకుండా ఒక్క జెండా పండగ చూడాలి. ముడి మాత్రం నువ్వే వెయ్యి. చిరంజీవి రెండు లాగుల ముడి చూడ్డానికి నేను సముద్రం దాటి రాను.

దాలయ్య


కొత్తజీడిపాలెం
9 జులై 2024

బావా,

దీన్ని భార్గవి ఫోటో తీసి ప్రదీప్ ఫోనుకి పంపుతుంది. పోస్టు మీద నమ్మకం లేదు.

నీ ఉత్తరం మీ చెల్లెలికి మొత్తం చదివాను. ఒక్క మాట దాచలేదు. ఏడేళ్ళు ఎవరిస్తారు అన్నది కూడా చదివాను. అక్కడ నేను ఆగితే ఆమె నీళ్ళు కూడా అందివ్వలేదు. నేనే లేచి తాగి మళ్ళీ చదివాను. పదో తారీకు మాట రాగానే వక్కల డబ్బా తీసి ఆ గోళీని కొంగుతో తుడిచింది.

సాయంత్రం అయిదు నెలల తరవాత నాతో మాట్లాడింది. “అన్నకి ఉప్పుసేప ఇష్టం. సోంపేట సంతలో మంచియ్యి తే” అంది. అంతే. తెచ్చాను.

ఆఫీసులో కేసు సంగతి ఏమీ తేలలేదు. పిలిస్తే వెళతాను. ముడి వేస్తానో లేదో ఇప్పుడు రాయలేను. నువ్వు వచ్చి, తిట్టడం అయ్యాక వెయ్యమంటే వేస్తాను.

పదో తారీకు శనివారం. డయాలసిస్ రోజు కాదు. ఆమెని తీసుకుని స్టేషన్‌కి వస్తాను. ముఖాలు చూసుకోని బావలం కదా, ఎలా గుర్తుపట్టాలి అనుకుంటావేమో. నువ్వు దిగగానే రెండు చేతులూ ఊపే ముసలిది నీ చెల్లెలు. దానికి నాలుగడుగులు వెనక, తల వంచుకుని నిలబడినవాణ్ణి నేను.

కూర్మనాథం